నాలుగో గొట్టం

మనిషి పోయాడని పోలీసులు అంటున్నారు. మురుగునీళ్ళు మాత్రం ఒప్పుకోవడం లేదు.

"ఇదిగో మేడమ్, ఇదే," అంది కెమిస్టు అమ్మాయి, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి. చదునుగా సాగుతున్న గీత ఒక్కచోట ముల్లులా నిక్కి, మళ్ళీ చదునైపోయింది. అంతే. చూడ్డానికి అందులో ఏముందని? కానీ ఆ ముల్లుని చూసి జల్లెడ కుర్చీలోంచి సగం లేచి, తిరిగి కూర్చోవడం మరిచిపోయింది.

జల్లెడ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసు శాఖలో ఉండగా తోటివాళ్ళు పెట్టింది, విన్న ప్రతి మాటనీ రెండుసార్లు జల్లించందే వదలదని. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా పేరు వదల్లేదు. పోనీలెమ్మని ఆమె కూడా ఊరుకుంది.

"ఊళ్ళో వాళ్ళు ఏ మందు మింగినా అందులో కొంత ఒంట్లో నిలవదు మేడమ్. బాత్రూము దారి పట్టి మా మురుగుశుద్ధి ప్లాంటుకి వచ్చేస్తుంది," అమ్మాయి చెప్పుకుపోతోంది. "ఇది తలనొప్పి మాత్ర, సెలవు మర్నాడు ఎక్కువొస్తుంది. ఇది షుగరు మందు. ఇది బీపీ. ఇదేమో నిద్రమాత్ర, పిల్లల పరీక్షల రోజుల్లో పెరుగుతుంది. పిల్లలు కాదు, తల్లులు మింగుతారనుకుంటా."

"అమ్మో! ఊరి గుట్టంతా నీ చేతిలోనే ఉందన్నమాట," అంది జల్లెడ నోరెళ్ళబెట్టి. "ఇన్నేళ్ళు గడపగడపకీ తిరిగినా ఈ జనం నాకు ఇన్ని నిజాలు చెప్పలేదు కదే!"

"మరి మా ఆయనది?" అన్న ప్రశ్న మూలనున్న స్టూలు మీంచి వచ్చింది.

ఆ స్టూలు మీద కూర్చున్నది సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలోంచి వచ్చేసిందేమో, మెడలో విజిల్ ఇంకా వేలాడుతోంది. ఆమె భర్త పర్యావరణ శాఖలో ఆఫీసరు. పదకొండు రోజుల కిందట ఈ ప్లాంటు తనిఖీకి వచ్చాడు. సాయంత్రం అతని కారు గేటు దాటినట్టు కెమెరాలో ఉంది. మర్నాడు పొద్దున అదే కారు నది వంతెన పక్కన, తలుపు తెరిచి, ఖాళీగా కనిపించింది. మనిషి లేడు, శవమూ లేదు. అతనికి నూటికో కోటికో ఒకరికి వచ్చే కండరాల జబ్బు. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర ఈ ఊళ్ళో వాడేది అతనొక్కడే. మందుల షాపువాడు అతని కోసమే ప్రత్యేకంగా తెప్పిస్తాడు.

"ఆ ముల్లు మీ ఆయనదేనమ్మా," అంది జల్లెడ.

కండక్టరమ్మ లేచి వచ్చి తెరని వేలితో తాకింది. మొగుడి చెంప తాకినట్టే తాకింది. "ఇంత ఊరి నీళ్ళలో... ఒక్క మనిషి... ఒక్క మాత్ర..." అంది. జల్లెడకి చెరువులో వేసిన చక్కెర పలుకుని చెరువు దాచుకోలేకపోవడం అంటే ఇదే కదా అనిపించింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒకప్పుడు జల్లెడ కింద పనిచేసినవాడే. ఏ కేసునైనా వారంలో మూసేస్తాడని స్టేషన్లో అతన్ని ఫుల్‌స్టాప్ అంటారు.

"ఏం మేడమ్, మురుగుకాలువలో జాతకం చూస్తున్నారట?"

"రా నాయనా. నువ్వూ చూపించుకుందువుగాని."

"నవ్వులాటకి టైం లేదు. మనిషి వంతెన మీంచి దూకాడు. అతని బ్యాగులోని మాత్రలు ఎవడో కాలువలో పారేశాడు. అవే మీ మెషీన్లో కనిపిస్తున్నాయి. ఈ సాయంత్రం ఫైలు మూసేస్తున్నా."

జల్లెడ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి గుటక మింగి, ధైర్యం తెచ్చుకుంది. "పారేసిన మాత్ర అయితే మాత్రలాగే వస్తుంది సార్. మింగిన మాత్ర అలా రాదు. లివరు దాని కొస ఒకటి తుంచి, ఇంకోటి తగిలించి పంపుతుంది. ఈ ముల్లు ఆ మారిన రూపానిది. బతికున్న ఒంట్లోంచి వస్తే తప్ప అది ఎక్కడా పుట్టదు."

ఫుల్‌స్టాప్ టోపీ సర్దుకున్నాడు.

"ఏ రోజుది ఈ శాంపిలు?" అడిగింది జల్లెడ.

"ఈ రోజు పొద్దుటిది. రోజూ ఉంటోంది మేడమ్. కాకపోతే..." అమ్మాయి కండక్టరమ్మ వైపు చూసి ఆగింది.

"చెప్పమ్మా. నేను గట్టిదాన్నే," అంది కండక్టరమ్మ.

"మొన్నటి నుంచి సగమైంది."

"సగమా? సగం చేసి ఇస్తున్నారన్నమాట! ఆయన బ్యాగులో పది రోజులకి సరిపడానే పెట్టుకుంటారు. అవి అయిపోవస్తున్నాయి మేడమ్! మాత్ర ఆగితే రెండు మూడు రోజుల్లో ఊపిరి కండరాలు పట్టేస్తాయని డాక్టరు గట్టిగా చెప్పారు."

"అయితే ఎక్కడున్నాడో కూడా ఆ మెషీన్నే అడగండి," అన్నాడు ఫుల్‌స్టాప్.

"అడిగాం," అంది జల్లెడ. "ప్లాంటుకి మూడు పెద్ద లైన్లు వస్తాయి. బజారు వైపుది, ఆసుపత్రి వైపుది, స్టేషను వైపుది. మూడింటి చివరి మ్యాన్‌హోల్ దగ్గరా పొద్దున శాంపిలు తీయించాను. ఏ లైన్లో ఉంటే ఆ వైపు వీధివీధీ వెతుక్కుంటూ పోవచ్చని."

"ఏ లైన్లో ఉంది?"

అమ్మాయి తల దించుకుంది. "మూడింట్లోనూ లేదు సార్."

ఫుల్‌స్టాప్ నవ్వు ఆపుకోలేదు. "మూడు గొట్టాల్లోనూ లేనిది, మూడూ కలిసినచోట ఉందా? బాగుంది! మెషీన్‌కి జ్వరమొచ్చినట్టుంది, దానికీ ఒక మాత్ర వేయండి."

జల్లెడకి కోపం రాలేదు. అతను అన్నది తప్పు కాదు. అదే ఆమెను తొలిచేస్తోంది. మెషీన్ అబద్ధం చెప్పదు, గొట్టాలూ చెప్పవు. మరి మనిషి ఎటు నుంచి వస్తున్నట్టు?

"మేనేజరుగారిని పిలువు," అంది. "ఈ ప్లాంటుని కొస నుంచి మొదటి దాకా నడిచి చూస్తాను."

"మొదటి నుంచి కాదా?"

"దొంగ వెళ్ళిన దారి కనుక్కోవాలంటే వాడు తేలినచోటి నుంచే వెనక్కి నడవాలి నాయనా. మరిచిపోయావా?"

మేనేజరు నెమ్మదైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆఫీసరు పేరెత్తగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మంచి మనిషండి. తనిఖీకి వచ్చినా మర్యాదగా మాట్లాడేవారు," అన్నాడు.

ప్లాంటు కొసన నీళ్ళు సిమెంటు కాలువలో పారుతున్నాయి. కాలువ అడుగున పడిన చిన్న మేకు మీది తుప్పు కూడా కనిపిస్తోంది. ఇది ఊరి మురుగు అంటే ఏ పిల్లాడూ నమ్మడు. జల్లెడ వంగి చాలాసేపు చూసింది.

"ఇదెలా సాధ్యమండీ?" అని అడిగింది. ఈ ప్రశ్న కేసు కోసం కాదు.

మేనేజరు ముఖం వెలిగింది. చెబుతూ చెబుతూ వెనక్కి నడిపించాడు. మురుగులో తిండి, సబ్బు, మట్టి ఉంటే సూక్ష్మజీవులు తినేస్తాయి. మందుల్ని మాత్రం తినలేవు. మనిషి పొట్టలో అరిగిపోకుండా పనిచేయాలని తయారుచేసిన మొండి సరుకు కదా అది! అందుకని ముందు ఓజోన్ వాయువుని బుడగలుగా వదిలి వాటి నడుం విరగ్గొడతారు. విరిగిన ముక్కల్నీ, విరగని మొండివాటినీ కార్బన్ పట్టుకుంటుంది.

కార్బన్ హాల్లో ఆరు ఉక్కు ట్యాంకులు నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటి రెండంతస్తుల ఎత్తు. మోటార్ల హోరుకి పక్క మనిషి మాట కూడా వినిపించడం లేదు. మేనేజరు గుప్పెడు నల్ల గింజలు తీసి ఆమె అరచేతిలో పోశాడు.

"దీని నిండా కంటికి కనపడని గదులేనండి!" అని అరిచి చెప్పాడు చెవి దగ్గర. "ఈ గుప్పెట్లో ఉన్న గదుల గోడలన్నీ విప్పి పరిస్తే పెద్ద పొలమంత అవుతుంది! దారినపోయే మందు ఏదో ఒక గదిలో చిక్కుకోవాల్సిందే!"

జల్లెడ అరచేతిని చూసుకుంది. గుప్పెట్లో పొలమా! ఈ చేత్తో తుపాకీ పట్టింది, బేడీలు వేసింది. ఇంత వింత వస్తువుని ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ గింజల్ని నేల మీద పారబోయడానికి మనసొప్పక చీర చెంగులో ముడేసుకుంది.

బయటికి వచ్చాక అడిగింది: "ఆరింట్లోనూ ఇదేనా?"

"అయిదింట్లోనండి. నాలుగోది ఖాళీ చేశాం, పాత కార్బన్ మార్చాలి." మేనేజరు వాచీ చూసుకున్నాడు. "మీరు చూస్తూ ఉండండి, నాకు కంట్రోల్ రూములో చిన్న పనుంది."

"తర్వాత చూసుకుందురుగాని."

"రెండు నిమిషాలేనండి..."

"మేనేజరుగారూ! ఒక మనిషి ప్రాణం కన్నా పెద్ద పనా?"

అతను వెంట నడిచాడు. పారిపోయే ఆలోచన ఉందేమోనని ఆమె అతని మోచేయి పక్కనే నడిచింది.

మురుగు మొట్టమొదట లోపలికి పడే చోటు ఒక లోతైన తొట్టి. ముక్కు మూసుకుంటే తప్ప నిలబడలేరు. తొట్టి గోడలో మనిషి దూరేంత గొట్టాలు మూడు నల్లటి నీళ్ళని కక్కుతున్నాయి. కాస్త కిందుగా, నీళ్ళన్నీ కలిసి పారే చోట, శాంపిలు తీసే సన్న ట్యూబు వేలాడుతోంది. కండక్టరమ్మ, అమ్మాయి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఫుల్‌స్టాప్ కూడా వచ్చారు.

జల్లెడ మోకాళ్ళ మీద కూర్చుని తొట్టిలోకి తొంగి చూసింది. బజారుది. ఆసుపత్రిది. స్టేషనుది. గోడ మూలలో, పాచి పట్టి, చేతి మందాన ఉన్న గొట్టం ఇంకొకటి. దాని పెదవి నుంచి సన్నటి ధార.

"ఈ నాలుగోది ఏ వీధిదండీ?"

మేనేజరు జేబులో పెన్నులు సర్దుకున్నాడు. అమ్మాయే అంది, తేలిగ్గా: "అది ఏ వీధిదీ కాదు మేడమ్. మా సొంత నీళ్ళే. ట్యాంకులు కడిగినవీ, వాటి అడుగున కారేవీ. బయటికి వదలకూడదు కాబట్టి మళ్ళీ మొదటికే పంపి శుభ్రం చేస్తాం. ఎక్కడైనా అంతే చేస్తారు."

"ట్యూబు ఈ గొట్టానికి ఇవతల ఉందా, అవతలా?"

"అవతల..." అమ్మాయి ఆగిపోయింది. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "అయ్యయ్యో! మేడమ్! ఆ ట్యూబులోకి వచ్చిందంతా మేం ఊరి నీళ్ళనే అనుకుంటాం. మేం తిప్పి పోసుకున్నది కూడా అందులో కలిసే ఉంటుంది. రోజూ చూస్తున్నా ఆ గొట్టం మాకు కళ్ళకి ఆనదు, మన ఇంటి గడప మనకి కనపడనట్టు!"

"సీసా తీసుకో. పట్టుకుని పరిగెత్తు."

అమ్మాయి ధార కింద సీసా పెట్టి నింపుకుని ల్యాబు వైపు పరుగెత్తింది. ఫలితం రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందని వెళ్తూ అరిచింది.

"ఇరవై నిమిషాలు మురుగు వాసన పీల్చాలా?" అన్నాడు ఫుల్‌స్టాప్. "మేడమ్, కారు బయటికి వెళ్ళింది. కెమెరాలో నేనే చూశాను."

"కారు వెళ్ళింది. మనిషిని చూశావా?"

"ఎండ అద్దం మీద పడింది. ముఖం కనపడలేదు. ఎవరి కారు వాళ్ళే నడుపుతారు కదా!"

"అందుకేనా ఈ గోడ లోపల ఒక్క గదీ వెతకలేదు?"

ఫుల్‌స్టాప్ ముఖం ఎర్రబడింది. "మీ హయాం అయిపోయింది మేడమ్. నా కేసులో వేలు పెట్టకండి."

"వేలు కాదు నాయనా, అవసరమైతే ఈ తొట్టిలో తలే పెడతాను." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "ఆయన వెళ్ళడం మీరు చూశారా?"

"చూశానండి. కారులో కూర్చుని, అద్దం దించి చెయ్యూపారు కూడా."

"ఎటువైపు అద్దం?"

"డ్రైవరు వైపేనండి. నేను ఇటు పక్కే నిలబడ్డాను కదా." అతను మళ్ళీ వాచీ చూసుకున్నాడు. నుదురంతా చెమట. "నేనొకసారి కంట్రోల్ రూముకి..."

"ఆ అద్దం దిగదు," అంది కండక్టరమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు.

"ఏడాదైంది దిగక. టోలుగేటు దగ్గర తలుపు తెరిచి మరీ టికెట్టు తీసుకుంటారు. బాగు చేయించండీ బాగు చేయించండీ అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నా." ఆమె మేనేజరు దగ్గరికి నడిచి వచ్చింది. గొంతు పెంచలేదు. "అన్నయ్యా, మా ఆయన మీకెలా చెయ్యూపారు?"

మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. జల్లెడ ఫోను మోగింది.

"మేడమ్!" అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "ముల్లు తెరలో పట్టడం లేదు మేడమ్! పొద్దుటి దాని కన్నా వందల రెట్లు! నాలుగో గొట్టంలోనే ఉన్నారాయన!"

ఊరంతా గాలించారు, నదిలో గజ ఈతగాళ్ళని దింపారు. మనిషేమో ఈ గోడ లోపలే ఉండి, నేను బతికే ఉన్నానని రోజూ నీళ్ళతో కబురు పంపుతున్నాడు. ఆ కబురుని ఊరి మురుగంతా కలిసి కూడా మింగలేకపోయింది.

"ఎక్కడయ్యా?" అంది.

మేనేజరు నేల మీద చతికిలబడ్డాడు. "చంపాలనుకోలేదండీ, మా అమ్మాయి మీద ఒట్టు! కొత్త కార్బన్ వేశామని రాసి పాతదే తిప్పి వేయించాను. అది కనిపెట్టి ఆయన ఖాళీ ట్యాంకులోకి దిగారు, అడుగున గింజలు ఏరుకోవడానికి. రేపు రిపోర్టు రాస్తానన్నారు. నేను పైన మూత వేశాను. అయిదు నిమిషాలు ఆలోచించుకుని తీద్దామనే వేశాను! అయిదు నిమిషాలయ్యాక ఏమని తీయను? సాయంత్రం కారు నేనే తీసుకెళ్ళి వంతెన పక్కన వదిలేశాను. మర్నాడు ఏమని తీయను? తిండి వేశాను, నీళ్ళు వేశాను, పైనే ఉండిపోయిన ఆయన బ్యాగులోంచి మాత్రలు తీసి ట్యాంకు శాంపిలు కన్నంలోంచి వేశాను. అవి అయిపోతున్నాయని సగం సగం చేసి..."

"నాలుగో ట్యాంకు!" జల్లెడ అప్పటికే కదిలింది.

అతను ఆమె చెంగు పట్టుకున్నాడు. "కడిగే వరసండీ! మెషీనే వంతులవారీగా ట్యాంకుల్ని కడుగుతుంది. నాలుగోదాన్ని వరసలోంచి తీయాలంటే హెడ్డాఫీసుకి చెప్పాలి. అందుకని వంతు వచ్చినప్పుడల్లా కంట్రోల్ రూములో చేత్తో దాటిస్తున్నా. ఇందాకటి నుంచి మిమ్మల్ని అడుగుతూనే ఉన్నా కదండీ!"

కార్బన్ హాలు వైపు నుంచి కొత్త మోటారు ఒకటి అందుకుంది. లావుపాటి, నెమ్మదైన చప్పుడు. అడుగు నుంచి నీళ్ళు పైకి తోసే మోటారది.

పని ఉందని మూడుసార్లు అడిగిన మనిషిని మోచేయి పక్కనే నడిచి ఆపింది తనే. జల్లెడ పరుగెత్తింది. యాభై దాటిన మోకాళ్ళు మొరాయించాయి. ఆమె పక్కనుంచి ఎవరో రివ్వున దూసుకుపోయారు. ఫుల్‌స్టాప్! టోపీ ఎక్కడో ఎగిరిపోయింది. కుర్రప్పుడు ఆమె వెనకాల దొంగల కోసం పరుగెత్తినట్టే పరుగెత్తాడు. హాలు గుమ్మం పక్కన గోడకి ఎర్రటి మీట ఉంది. దాన్ని పిడికిలితో గుద్దాడు.

హాలు మొత్తం ఆగిపోయింది. అన్ని మోటార్లూ ఒక్కసారే. ఆ హోరు లేకపోయేసరికి అందరికీ చెవులు దిమ్మెక్కాయి. నాలుగో ట్యాంకు లోపల నీళ్ళు గుడగుడలాడి సద్దుమణిగాయి.

జల్లెడ చల్లటి ఉక్కుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. ఫుల్‌స్టాప్ అవతలి పక్క చెవి పెట్టాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. "మేడమ్, నేను ముందే వెతికి ఉంటే..."

"మాట్లాడకు. విను."

కండక్టరమ్మ వచ్చింది. అరవలేదు, పేరు పెట్టి పిలవలేదు. అరచేత్తో ట్యాంకుని రెండుసార్లు చరిచింది, జనం ఎక్కాక బస్సు పక్కని చరిచినట్టు, అంతే గట్టిగా.

ఊపిరి బిగబట్టి నిలబడ్డారు ముగ్గురూ.

లోపలి నుంచి, నీరసంగా, తడిగా, రెండు దెబ్బలు.

ఫుల్‌స్టాప్ కోతిలా నిచ్చెన ఎక్కి మూత గడియ లాగాడు. మూత వెనక్కి పడింది. ఆ వెనకే ఎక్కిన కండక్టరమ్మ బోర్లా పడుకుని చీకట్లోకి చెయ్యి చాచింది. కింద మెడదాకా నీళ్ళలో, గోడ నిచ్చెనని కావలించుకుని, గడ్డం పెరిగిన ముఖం ఒకటి వెలుతురుకి కళ్ళు చికిలించి పైకి చూసింది. గొంతు గీరుకుపోయి మాట సగమే బయటికి వచ్చింది.

"డ్యూటీ ఎగ్గొట్టి వచ్చావా?"